అటకెక్కిన ఇంజనీరు

మా అమ్మకి ఏదైనా ఇబ్బందిగా ఉందేమో తెలుసుకోవాలంటే ఆవిణ్ణి మాత్రం అడగకూడదు. అడిగితే "నాకేంరా, బ్రహ్మాండంగా ఉంది" అంటుంది. ఈ ముక్క నలభయ్యేళ్ళుగా తెలిసి కూడా, 2022 నవంబరులో ఆవిడ నరసరావుపేట నుంచి మా న్యూజెర్సీ ఇంటికొచ్చినప్పుడు నేను చేసిన ఘనకార్యం, మేడ మీద గది చూపించి "చలిగా ఉందా అమ్మా?" అని అడగడం. బ్రహ్మాండంగా ఉందంది. సరే అనుకున్నా. ఒక్కసారి మాత్రం "ఈ నేలేంట్రా, ఐసు మీద నడిచినట్టుంది" అంది. వెంటనే ఓ రగ్గు కొనుక్కొచ్చి పరిచాను. టికెట్ క్లోజ్డ్!

ఆ క్రిస్మస్‌కి ముందు చలి ఒక్కరోజులో ఎలా విరుచుకుపడిందో ఈ వైపు ఉన్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఆ రాత్రి ఆన్‌కాల్ నాది. రెండున్నరకి ఫోను మోగితే లాప్‌టాప్ కోసం హాల్లోకి వచ్చాను. అమ్మ సోఫాలో ముడుచుకుని పడుకునుంది. మంకీ క్యాపు, స్వెటరు, శాలువా, ఆ పైన మావాడి జాకెట్టు. "పైన హీటరు పెట్టాను కదమ్మా" అంటే "రాత్రంతా తిరిగితే కరెంటు బిల్లు నీకు పేలిపోదూ? కట్టేశా" అంది. 1500 వాట్ల హీటరు పది గంటలంటే 15 యూనిట్లు. ఆవిడ లెక్క తప్పేం కాదు. పైకెళ్ళి చూస్తే గదిలో 54 డిగ్రీల ఫారన్‌హీట్. కింద థర్మోస్టాట్ హాయిగా 70 చూపిస్తోంది. డాష్‌బోర్డంతా పచ్చగా ఉండి కస్టమర్లు ఏడుస్తుంటారే, అదన్నమాట.

మాది కేప్ కాడ్ ఇల్లు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, తిరిగొచ్చిన సైనికుల కోసం లెవిట్‌టౌన్‌లో 1947 నుంచి వరసపెట్టి కట్టిన బాపతు. వాటిల్లో పైభాగాన్ని అటకలాగా వదిలేసేవాళ్ళు, గది కావాలంటే కొనుక్కున్నవాడే చేసుకోవాలి. మాది 1950ల నాటిది. పైన గది ఎవరో తర్వాత చేసినట్టే ఉంది. గుడారం లాంటి కప్పు, రెండువైపులా నాలుగడుగుల పొట్టిగోడలు. ఆ గోడల వెనక, కప్పు కిందికి వాలే చోట, చీకటి అటక. అందులోకి ఒక బుల్లి తలుపు. ఇల్లు కొన్న ఆరేళ్ళలో ఆ తలుపు తీసింది సూట్‌కేసులు పడెయ్యడానికే.

మొదట అందరూ చేసేదే నేనూ చేశాను. హోం డిపోకెళ్ళి గులాబీరంగు ఫైబర్‌గ్లాస్ చుట్టలు తెచ్చి, గది కప్పు మీద పరిచాను. దూలగొండి రాసుకున్నట్టు మూడు రోజులు దురద. గది రెండు డిగ్రీలు పెరిగింది. అంతే.

తర్వాత ఒకాయన్ని పిలిచాను, ఎనర్జీ ఆడిట్ చేసేవాడు. వీధి తలుపుకి గుడ్డ బిగించి, అందులో పెద్ద ఫ్యాను పెట్టి ఇంట్లో గాలిని బయటికి లాగాడు. లోపలికీ బయటికీ 50 పాస్కల్స్ తేడా. అప్పుడు ఎక్కడెక్కడ సందులున్నాయో అక్కణ్ణుంచి చలిగాలి బుస్సుమని లోపలికొస్తుంది. బుల్లి తలుపు తీసి, పొట్టిగోడ వెనకున్న పాత ఫైబర్‌గ్లాస్ చూపించాడు. నల్లగా ఉంది. "తడిసిందా?" అన్నాను. కాదట. ఏళ్ళ తరబడి గాలి దాంట్లోంచి దూరి పోతుంటే దుమ్ము అక్కడే ఆగిపోయింది. అంటే అది మా గోడకి దుప్పటి కాదు, ఎయిర్ ఫిల్టరు!

అసలు సంగతి నేలలో ఉంది. గది కింద దూలాలు ఈ చివరి అటక నుంచి ఆ చివరి అటక దాకా పోతాయి. పొట్టిగోడ దూలాల పైనే ఆగిపోయింది. దాని కింద, దూలానికీ దూలానికీ మధ్య, అడ్డమేమీ లేదు. చూరు రంధ్రాల్లోంచి వచ్చిన గాలి అమ్మ మంచం కింద నుంచి అటు చివరికి పోతోంది. ఆవిడ నాకు బగ్ రిపోర్ట్ చాలా కచ్చితంగానే ఇచ్చింది. నేనే రగ్గు కప్పాను.

పని మొదలుపెట్టేసరికి 2023 అక్టోబరు. అప్పటికి అమ్మ వెళ్ళిపోయి ఆరు నెలలైంది.

వైపుకి 18 సందులు, రెండువైపులా 36. అటకల్లో వాడదగ్గ రకం ఫోమ్ బోర్డు కోసి, ఒక్కొక్క సందులో నిలబెట్టి, చుట్టూ స్ప్రే ఫోమ్ కొట్టాలి. దూలాల మధ్య దూరం 16 అంగుళాలని డాక్యుమెంటేషన్. ఏ రెండూ ఒకేలా ఉంటే ఒట్టు. మాస్కు, కళ్ళద్దాలు, మోకాళ్ళ మీద పాకుడు... ఆరు శనివారాలు పట్టింది. పొట్టిగోడల వెనక్కి కూడా అదే బోర్డు బిగించి, గాలి దూరకుండా అతుకులకి టేపు వేశాను. బుల్లి తలుపుకి అంచు చుట్టూ రబ్బరు పట్టీ.

గది నెత్తిన నేను పరిచిన చుట్టలు తీసి చూస్తే, కింద వైర్లు వచ్చే కన్నాలు, లైటు చుట్టూ సందులు. వెచ్చగాలి అక్కణ్ణుంచి ఎగిరిపోతుంటే, ఆ ఖాళీ నింపడానికి కింద నుంచి చలిగాలి వస్తోంది. కప్పు మేకులు తుప్పు పట్టాయి. మన స్నానాల ఆవిరి, మన పప్పు ఆవిరి ఆ గాలితోపాటే వెళ్ళి మేకుల మీద చెమ్మగా కూర్చుంటుందట. కన్నాలన్నీ మూసి, ఆ తర్వాతే పైన 14 అంగుళాలు సెల్యులోజ్ ఊదాం. పాత న్యూస్‌పేపర్ల పొడి అది. అంగుళానికి ఆర్ మూడున్నర లెక్కన మొత్తం 49. చూరు రంధ్రాలు మాత్రం మూయకూడదు, కప్పుకి గాలి ఆడాలి. ఇల్లు ఇలా బిగించాక గ్యాస్ వాటర్ హీటరు పొగ సరిగ్గా బయటికి పోతోందో లేదో పరీక్ష చేయించడం మర్చిపోకండి, కార్బన్ మోనాక్సైడ్‌తో పరాచికాలొద్దు. ఏటవాలు కప్పు జోలికి నేను పోలేదు, డ్రైవాల్ పీకాలంటే మా ఆవిడ ఒప్పుకోలేదు :)

2024 జనవరిలో, సంక్రాంతి అయిన రెండ్రోజులకి గట్టి చలి పడింది. హీటరు లేకుండా రాత్రంతా వదిలేసి, పొద్దున్నే అమ్మ మంచం మీద థర్మామీటరు పెట్టి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాను. 66. వెంటనే ఫోను.

"అరవయ్యారంటే మన లెక్కలో ఎంతరా?"

"పంతొమ్మిది."

"అయ్యో, మొన్న భోగినాడు తెల్లారుజామున ఇక్కడ అంతే ఉంది. వణికిపోతూ మంట దగ్గర కూర్చున్నాం."

ఏమనాలో తోచలేదు. కాసేపు ఆవిడే ఊరుకుని, "నేల కూడానా?" అంది.

"నేల కూడానమ్మా."