పావుగంట పడవ, పాతకాలపు పలకరింపు

అండమాన్‌లోని బాంబూఫ్లాట్‌లో దాదాపు అందరి మూలాలూ సముద్రానికి అవతలే. అందుకే అక్కడ కొత్తవారు ఎక్కువసేపు కొత్తవారిగా మిగలరు

చాథం జెట్టీ నుంచి బాంబూఫ్లాట్‌కు ఫెర్రీలో పావుగంట, మహా అయితే 20 నిమిషాలు. అదే రోడ్డు మీద అయితే అఖాతం చుట్టూ తిరిగి 40 కిలోమీటర్లకు పైగా పోవాలి. అందుకే స్కూలు పిల్లలు, గుమాస్తాలు, చేపలమ్మేవాళ్లు, మోటార్‌సైకిళ్లు, జీపులు అన్నీ ఆ పడవలోనే. వీపున సంచీ, మెడలో కెమెరాతో ఎక్కిన పర్యాటకుడు ఇట్టే దొరికిపోతాడు. పలకరింపు హిందీలో మొదలవుతుంది. జవాబులో తెలుగు యాస వినబడిందా, తర్వాతి ప్రశ్న తెలుగులోనే రావచ్చు: ''మీదే ఊరండీ?''

ఆశ్చర్యమేమీ లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్, నికోబార్ దీవుల్లోని 3.8 లక్షల మందిలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం దానిదే. వీరిలో చాలామంది మూలాలు శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఉన్నాయి. చేపల వేటకో, కూలి పనికో రెండు రోజులకు పైగా ఓడలో ప్రయాణించి వచ్చి స్థిరపడిన కుటుంబాలవి. సొంతూరి కబురు వారికి ఇప్పటికీ తీపే.

అయితే బాంబూఫ్లాట్ స్నేహశీలత తెలుగువారికే పరిమితం కాదు. 1921 మలబార్ తిరుగుబాటు తర్వాత బ్రిటిష్‌వారు ద్వీపాంతరం పంపిన మాప్పిళ్లల వారసులు ఈ పరిసరాల్లో ఉన్నారు. మలప్పురం, మంజేరి, కాలికట్ పేర్లతో దక్షిణ అండమాన్‌లో ఏకంగా ఊళ్లే వెలిశాయి. శిక్ష ముగిశాక తిరిగి వెళ్లని ఖైదీల సంతతి, దేశ విభజనతో ఇల్లూ వాకిలీ కోల్పోయిన బెంగాలీలు, అడవి పనులకు రప్పించిన రాంచీ కూలీలు దీవుల్లో పొరుగువారయ్యారు. వారందరినీ కలిపింది ఖైదీల వలసలో పుట్టిన హిందుస్థానీ. దాని వ్యాకరణం మీద ఎవరికీ పట్టింపు లేదు. కాబట్టి హిందీ అంతంతమాత్రంగా వచ్చే ప్రయాణికుడూ ఇక్కడ బిడియపడనక్కర్లేదు.

ఈ తీరం అతిథులను ఎప్పుడూ ఇలాగే చూసిందనుకుంటే పొరపాటే. ఊరి వెనక కొండ మౌంట్ హారియట్. 1891 ఆంగ్లో-మణిపూర్ యుద్ధం తర్వాత మణిపూర్ యోధులను నిర్బంధించింది అక్కడే కావడంతో 2021లో దానికి మౌంట్ మణిపూర్ అని పేరు పెట్టారు. పాత ఎర్రటి 20 రూపాయల నోటు మీద ఉన్నది దాని పైనుంచి కనిపించే దృశ్యమే. 1872 ఫిబ్రవరి 8న సూర్యాస్తమయం చూడ్డానికి ఆ కొండెక్కి దిగిన వైస్రాయ్ లార్డ్ మేయోను కింద హోప్‌టౌన్ జెట్టీలో షేర్ అలీ అనే ఖైదీ కత్తితో పొడిచి చంపాడు. బంధించినవాడికీ బందీకీ మధ్య పలకరింపులుండవు. సమానులైన పొరుగువారి మధ్యే అవి పుడతాయి.

చాలామంది పర్యాటకులు ఆ కొండ కోసమే వస్తారు. జెట్టీ దిగగానే జీపెక్కి, పైన ఫొటోలు తీసుకుని, అదే జీపులో తిరుగు ఫెర్రీకి పరుగెత్తుతారు. ఊరు వారికి కిటికీలోంచి కనబడిన దృశ్యం మాత్రమే. ఒక ఫెర్రీని వదులుకుని టీ దుకాణం బల్ల మీద కూర్చుంటే సంగతి వేరు. 2004 డిసెంబర్ 26 గురించి అడిగితే చాలు. ఆనాటి భూకంపానికి పోర్ట్‌బ్లెయిర్ (2024 నుంచి శ్రీవిజయపురం) పరిసరాల్లో నేల దాదాపు మీటరు కుంగింది. సునామీ ఉప్పునీరు లోతట్టు పొలాల్లోకి వచ్చి కొన్నిచోట్ల అక్కడే నిలిచిపోయింది. ఏ గైడు పుస్తకమూ చెప్పలేనంత వివరంగా ఆ కథ చెప్పేవారు ఇక్కడుంటారు.

ఈ స్నేహానికి ఒక షరతుంది. మాట్లాడటం ఇష్టం లేనివారు మొహం తిప్పుకునే స్వేచ్ఛ ఉండాలి. బాంబూఫ్లాట్‌లో ఉంది. ఇక్కడి నుంచి ఫెరార్‌గంజ్ మీదుగా సాగే దారిలో జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దాటితే మాత్రం అది మాయమవుతుంది. ఆ తర్వాతి అడవి జరవా తెగది. పర్యాటకుల ముందు జరవా మహిళలను నాట్యం చేయించిన వీడియో 2012 జనవరిలో బయటపడి దేశాన్ని తలదించుకునేలా చేసింది. బిస్కెట్లు విసిరినవారూ దాన్ని స్నేహమనే అనుకుని ఉంటారు. జరవాలను ఫొటో తీయడం, వారితో పరిచయం పెంచుకోబోవడం చట్టరీత్యా నేరం.

అండమాన్ వెళ్లే తెలుగువారు ఈ తేడా గుర్తుంచుకుంటే చాలు. ఫెర్రీలో ఎవరైనా ఊరు అడిగితే చెప్పాలి, తిరిగి అడగాలి. కెమెరా తర్వాత తీయొచ్చు. అడవి దారిలో అద్దం దించకుండా సాగిపోవడమే మర్యాద.