డాక్టర్ల జీతం, మన ఆసుపత్రి

బడిలో చదివింది తమిళమే, తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే. ఉన్నమాట ఉన్నట్టు రాస్తాను.

2019 అక్టోబరులో మన రాష్ట్ర ప్రభుత్వ డాక్టర్లు సమ్మె చేసినప్పుడు, "అంత జీతం వస్తుంటే ఇంకా ఏం కావాలి?" అన్నవాళ్లు మనలోనూ ఉన్నారు. వాళ్లు ముఖ్యంగా అడిగింది 2009 నాటి 354వ నెంబరు జీ.ఓ. ప్రకారం జీతం సవరించమని. కేంద్ర ప్రభుత్వ డాక్టరు 13 ఏళ్లకు ఎక్కే జీతం మెట్టు, ఇక్కడి డాక్టరుకు 20 ఏళ్లకు గానీ అందదు. చదువు ఒకటే, జబ్బులూ ఒకటే.

రైల్వేలో జీతాల బిల్లులు రాసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. ప్రమోషన్‌కు ఖాళీ లేకపోయినా మాకు 10, 20, 30 ఏళ్లకు జీతం ఒక మెట్టు పెరుగుతుంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా చేసిన ప్రతి గంటకు 10 నిమిషాలు కలిపి లెక్క కడతారు. గుమాస్తాకు సర్వీసు లెక్క ఉంది, రాత్రికీ లెక్క ఉంది. డాక్టరుకూ అదే న్యాయం.

ఇన్ని ఆపరేషన్లు చేస్తే ఇంత అని మాత్రం కట్టకూడదు. అప్పుడు అక్కరలేని కత్తి కూడా మన కడుపు మీదే పడుతుంది.

2022లో తిరువళ్ళూరుకు ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. బిల్డింగు ఉంటే చాలదు, డాక్టరు నిలవాలి. తిరుత్తణి పక్కన చెరుకు తోటలో రాత్రి పాము కరిస్తే, చెన్నై దాకా పోలేని మనవాడికి డ్యూటీ డాక్టరే దిక్కు. ఈసారి ఎమ్మెల్యేకు ఇచ్చే మనవిలో రోడ్డుతో పాటు ఈ మాట కూడా రాద్దాం.