చైన్ సాగింది

మా స్ప్లెండర్ ట్యాంకు మీద ఇప్పటికీ 'హీరో హోండా' అనే ఉంటుంది. ఆ రెండు కంపెనీలు విడిపోతున్నట్టు 2010 చివర్లో ప్రకటించాయి. నా బండికి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. ఉస్మానియాలో రీసెర్చి చేసే రోజుల్లో సెకండ్ హ్యాండులో కొన్నాను. థీసిస్ అయిపోయింది, ఫెలోషిప్ ఆగిపోయింది, హాస్టల్ గది ఖాళీ చేసి తార్నాకలో కాపురం పెట్టాను. బండి మాత్రం అదే.

ఈమధ్య అది ఒక కొత్త మోత మొదలుపెట్టింది. ఆర్ట్స్ కాలేజీ ముందు రోడ్డు మీద నెమ్మదిగా పోతుంటే కాళ్ల దగ్గర కరకర, యాక్సిలేటర్ వదలగానే టకటక. స్ప్లెండర్ చైన్ నిండు కవర్‌లో ముసుగేసుకుని ఉంటుంది కాబట్టి లోపలి సంగతి కంటికి కనబడదు, చెవికే తెలియాలి. నా చెవి నెల రోజులు విననట్టు నటించింది. చివరికి ఇంట్లో, "వీధి మలుపు తిరగకముందే నువ్వొస్తున్నట్టు తెలుస్తోంది, టీ పెట్టుకోవడానికి వీలుగా ఉంది" అన్నాక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను.

మెట్రో స్తంభాల వరుస దాటి సందులోకి తిరిగితే అతని షాపు. షాపంటే ఒక షట్టరు, దాని ముందు నూనె తాగి నల్లబడ్డ నేల. కవర్ విప్పి, వెనక చక్రం దగ్గర చైన్‌ని రెండు వేళ్లతో వెనక్కి లాగాడు. పళ్ల మీద నుంచి అది లేచి వచ్చింది.

"చైన్ సాగింది సార్. సాకెట్ గూడ పోయింది. సెట్టే ఎయ్యాలె."

సాకెట్ అంటే స్ప్రాకెట్. హైదరాబాదు షాపుల్లో ఆ మాట పలికే తీరు అదే, అలా అడిగితేనే సరుకు దొరుకుతుంది. 1918లో ఉస్మానియా మొదలైనప్పుడు చదువంతా ఉర్దూలో చెప్పేవారు. సైన్సు మాటలకు ఉర్దూ పదాలు కుదర్చడానికి దారుల్ తర్జుమా అని ఒక అనువాద శాఖనే నడిపారు. పండితులు కూర్చుని వాదించుకుని పదాలు తేల్చేవారు. మెకానిక్కులకు అలాంటి శాఖేమీ లేదు. నోట్లో నలిగి నిలిచిందే పదం.

"చైన్ ఒక్కటి ఏస్తే సరిపోదా అన్నా?"

"ఏస్త, నాదేం పోతది. మూడు నెల్లకు మల్ల మీరే వస్తరు."

పాత చైన్ ఊడదీసి గోనెసంచి మీద పరిచాడు. దాని పక్కనే కొత్తది. ఈ చివరలు రెండూ కలిపి పెడితే ఆ చివర పాతది రెండు వేళ్ల మందం ముందుకొచ్చింది. నిజానికి ఇనుమేమీ సాగలేదు. ఈ చైన్‌లో లింకుకూ లింకుకూ మధ్య దూరం అరంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. ప్రతి లింకులో ఒక పిన్ను, దాని చుట్టూ ఒక బుష్. చక్రం మీద మడత పడినప్పుడల్లా ఆ రెండూ రాసుకుని అరుగుతాయి. లింకుకు పావు మిల్లీమీటరు అరిగినా నూరు లింకులకు రెండున్నర సెంటీమీటర్లు. ఏ లింకును పట్టుకు చూసినా బాగానే ఉంటుంది. నా థీసిస్ కూడా అంతే, ఏ రోజుకారోజు పెద్దగా ఆలస్యమైనట్టు అనిపించలేదు.

అసలు విడ్డూరం పళ్లచక్రంలో ఉంది. కొత్తదాని పళ్లు నిటారుగా ఉన్నాయి. పాతదాని పళ్లు కొడవలి మొనల్లా ఒకే పక్కకు వంగాయి. చైన్ పొడవయ్యేకొద్దీ పళ్లు దానికి తగ్గట్టు అరిగాయి. ఆ అరిగిన పళ్ల మీద చైన్ మరింత అరిగింది. అలా ఒకదాని అరుగుదలకు ఇంకొకటి ఒదిగి ఇన్నేళ్లు నెట్టుకొచ్చాయి. ఇప్పుడు వాటి మధ్యకు కొత్త చైన్ తెస్తే దాని తిన్నదనం ఆ వంకరకు సరిపడదు, మూన్నెళ్లలో దాన్నీ పాడుచేస్తాయి. అందుకే ముందరి చిన్న చక్రం, వెనకటి పెద్ద చక్రం, చైన్, మూడూ కలిపి సెట్టుగా మార్చాలి.

టైర్ల కథ వేరు. వెనకది గుండయింది. నడిమి గాడి మాసిపోయి నున్నగా మెరుస్తోంది. ముందుదానికి గాళ్లున్నాయి కదా, ఉంచేద్దామన్నాను. అతను టైరు పక్కభాగం తుడిచి కోడిగుడ్డు ఆకారపు గీతలో ఉన్న నాలుగంకెలు చూపించాడు: 3114. అంటే 2014వ సంవత్సరం, 31వ వారం తయారీ. వేలితో నొక్కితే గాళ్ల అడుగున సన్నటి పగుళ్లు నోళ్లు తెరిచాయి. వెనకది పనిచేసి అరిగింది, ముందుది వయసుతో బిరుసెక్కింది. వానాకాలం తొలిజల్లు పడి రోడ్డు మీది నూనె తేలినప్పుడు రెండూ ఒకేలా జారుతాయి. యూనివర్సిటీలో పాతికేళ్లు తిరిగిన నాకు ఈ రెండు రకాల టైర్లూ మనుషుల్లో బాగా తెలుసు.

2.75-18 సైజువి రెండు కొత్త టైర్లు తెప్పించాడు. అంచుకు సబ్బునీళ్లు రాసి, పక్కనున్న బాణం గుర్తు చక్రం తిరిగే దిక్కుకు చూసుకుని, ట్యూబ్ నలక్కుండా లీవరుతో ఎక్కించాడు. చైన్ చివరలు కలిపి, లాక్ మూసిన వైపు చైన్ పరుగెత్తే దిక్కుకు పెట్టాడు. తెరిచిన వైపు ముందుకుంటే దేనికైనా తగిలి ఊడిపోతుందట. నేను చైన్ మీద వేలేసి, "ఇంకా వదులుగా ఉందే" అన్నాను.

"గంత ఆట ఉండాలె సార్. గుంతల పడ్డప్పుడు చక్రం మీదికి లేస్తది. టైట్ జేస్తే ఏదో ఒకటి తెగుతది."

"ముందు వంద కిలోమీటర్లు బ్రేకు పైలం" అని కూడా చెప్పాడు. కొత్త రబ్బరు మీది నునుపు పోయేదాకా పట్టు రాదు.

క్యాంపస్ మీదుగా చుట్టు తిరిగి వచ్చాను. ఆర్ట్స్ కాలేజీ ముందు బండి గొంతు లేనట్టు పోయింది. ఆ నిశ్శబ్దంలో ఒక్కొక్కటే బయటపడ్డాయి. ముందు మడ్‌గార్డు దడ, సీటు కింద ఏదో కిర్రు, స్పీడు బ్రేకరు మీద నా నడుములో చిన్న టక్కు. ఇన్నాళ్లూ ఇవన్నీ చైన్ మోత చాటున దాక్కున్నాయన్నమాట.

ఇంటికొచ్చి సెట్టు సంగతి పూసగుచ్చినట్టు చెప్పాను. మా ఆవిడ ఓపిగ్గా విని, బండినీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"మరి నువ్వూ అదీ కలిసే అరిగారుగా" అంది. "దాన్నొక్కదాన్నే కొత్తగా చేయించుకొచ్చావేం?"