ఏది వదలాలో తెలిసిన యంత్రం

బల్లమీది కంప్యూటరు కాస్త ఆలస్యం చేస్తే మనిషి విసుక్కుంటాడు, అంతే. వాహనంలో ఇమిడిపోయిన కంప్యూటరు ఆలస్యం చేస్తే ప్రాణాలకే ముప్పు. దానిని రూపొందించేవారు యంత్రం ఏమేం చేయాలన్నదే కాక, ఊపిరాడని వేళ ఏది వదిలిపెట్టాలన్నదీ ముందే తేల్చుకోవాలి.

అపోలో నౌకల కంప్యూటరులో చెరిపి రాయగల జ్ఞాపకస్థానాలు 2,048 మాత్రమే. మార్పులేని ఆదేశాలను అమెరికాలోని వాల్తం పట్టణంలో కార్మిక స్త్రీలు సన్నని తీగలతో అల్లారు. తీగ అయస్కాంతపు ఉంగరంలోంచి దూరితే 1, పక్కనుంచి పోతే 0. దీనిని నేతపని అనడమే సబబు. అల్లిక ముగిశాక ఒక్క ఆదేశమైనా మార్చడం తేలిక కాదు.

1969 జులై 20న ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ చంద్రునిపై దిగుతున్నారు. హఠాత్తుగా 1202 అనే హెచ్చరిక! రాడారు వైపునుంచి అక్కరలేని సంకేతాలు వచ్చిపడి కంప్యూటరుకు తీరిక లేకుండా పోయింది. అయితే హాల్ లానింగ్ రూపొందించిన పద్ధతిలో ప్రతి పనికీ ఒక ప్రాధాన్యం ఉంది. యంత్రం తనంతట తాను మళ్ళీ మొదలై, అంతగా అవసరం లేనివాటిని విడిచి, నౌకను నడిపే పనులను అందుకుంది.

హ్యూస్టన్‌లో జాక్ గార్మన్ అనే 24 ఏళ్ళ ఇంజనీరు బల్లమీద ఇలాంటి హెచ్చరికల జాబితా చేతిరాతతో సిద్ధంగా ఉంది. ఎడతెరిపి లేకుండా రాకపోతే దిగవచ్చని అతడు చెప్పాడు. హెచ్చరిక మరికొన్నిసార్లు వచ్చింది. ప్రతిసారీ యంత్రం తేరుకుంది. నౌక నేలను తాకింది.