సోకు బాగుంది.. గానీ స్పీడ్ బ్రేకర్ దాటదు!

మా ఏడుపాయల దారిలో నేను చూడని బండి లేదు. శివరాత్రి జాతరకు రంగురంగుల గుడ్డలు కప్పుకుని గజ్జెలు మోగించుకుంటూ వచ్చే ఎడ్లబండ్లు, ట్రాలీ నిండా చుట్టాలను ఎక్కించుకున్న ట్రాక్టర్లు, ఒక్కో ఆటోలో పన్నెండు మంది.. అన్నీ చూశాను. కానీ నేల మీద పాకుతున్నట్టుండే ఇటలీ స్పోర్ట్స్ కారు అటు రావడం మాత్రం పోయిన చలికాలంలోనే చూశా. చూడటమేంటి, పక్క సీట్లో కూర్చున్నది నేనే!

ముందు నా గురించి కాస్త చెప్పాలి. మాది మెదక్. మా బాపు ట్రాక్టర్ మెకానిక్. నలభై ఏళ్లుగా ఒకటే షెడ్డు, ఒకటే వేపచెట్టు. నేను డిప్లొమా అయ్యాక షెడ్డులో కూర్చుంటాననుకున్నాడు. నేను హైదరాబాద్ వెళ్లి ఖరీదైన కార్లను మెరిపించే షాపులో చేరాను. పెయింట్ మీద కంటికి కనబడని పల్చటి ఫిల్మ్ అతికించడం నా పని. గీత పడకుండా కాపాడటం, పడిన గీతను కనబడకుండా చేయడం. బాపు దాన్ని పని అనుకోలేదు. "బండికి చీర కడ్తున్నవా బిడ్డా?" అన్నాడొకసారి. ఆ తర్వాత నా ఉద్యోగం గురించి అడగడమే మానేశాడు.

నాకీ పిచ్చి ఎక్కడ పట్టిందంటే, మెదక్‌లో చిన్నప్పుడు వెళ్లే సెలూన్‌లో. అద్దం పక్కన ఒక పోస్టర్ ఉండేది. ఎర్ర కారు, రెక్కల్లా పైకి లేచిన తలుపులు. అది లంబోర్ఘిని కౌంటాష్ అని చాలా ఏళ్లకు తెలిసింది. 1971లో జెనీవా మోటార్ షోలో మొదట చూపించారు, 1974 నుంచి 1990 దాకా తయారుచేశారు. దాని ఎత్తు మూడున్నర అడుగులే. మన ఛాతీ దాకా కూడా రాదు! గీసినవాడు మార్చెల్లో గాందీని. మనిషి 2024లో పోయాడు గానీ, లోకంలో పిల్లలు "స్పోర్ట్స్ కారు గీయి" అంటే ఇప్పటికీ ఆయన గీసిన ఆకారమే గీస్తారు.

మరి దాంట్లో లోపం? వెనక ఏముందో కనబడదు. రివర్స్ చేయాలంటే తలుపు పైకి లేపి, గుమ్మం మీద సగం బయటికి కూర్చుని, తల వెనక్కి తిప్పి చూసుకుంటూ నడపాలి. మన ఊళ్లో లారీ క్లీనర్ "రానీ.. రానీ.." అంటాడే, ఆ పని డ్రైవరే చేసుకోవాలన్నమాట.

దానికి ముందు గాందీని గీసిన మియురా అయితే 1966లో వచ్చింది. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా లేవు. ఇప్పటికీ చాలామంది అన్ని కార్లలోకీ అందమైనదంటే దాని పేరే చెప్తారు. పన్నెండు సిలిండర్ల ఇంజిన్‌ను సీట్ల వెనక అడ్డంగా పెట్టారు. కానీ పెట్రోల్ ట్యాంకు ముక్కులో ఉంది. పెట్రోలు తగ్గేకొద్దీ ముక్కు తేలికవుతుంది. బాగా స్పీడు మీదుంటే ముందు భాగం గాల్లోకి లేవాలని చూస్తుంది. అంటే ఇంటికి చేరే సమయానికే కారు ఎక్కువ భయపెడుతుంది!

సరే, ఆ రోజు దగ్గరికి వద్దాం.

మా షాపుకు వచ్చే ఒక అన్న దగ్గర పదేళ్ల నాటి ఇటలీ కారు ఉంది. ఏ కంపెనీదో చెప్పను. బానెట్ మీద ఎద్దు ఉందో, గుర్రం ఉందో, త్రిశూలం ఉందో మీరే ఊహించుకోండి. ఆయన దాన్ని అమ్మేద్దామనుకుంటున్నాడు. "అమ్మే ముందు ఒక్కసారి ఏడుపాయల అమ్మ దగ్గర పూజ చేయిస్తా, మొక్కుంది. నీది ఆ ఊరే గదా తమ్మీ, నాతో రా" అన్నాడు. నేను ఎగిరి గంతేశాను.

హైదరాబాద్ దాటి మెదక్ వైపు తిరిగి మంచి రోడ్డు ఎక్కాక, ఆయన ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కాడు. నా వెనకే ఉన్న ఇంజిన్ గొంతెత్తింది. చెప్పడం కష్టం. డప్పు దరువు దగ్గరవుతున్నప్పుడు గుండెలో ఏదో కదులుతుంది చూడండి, అలాంటిది. ఆ పది సెకన్లు నాకు లోకంలో ఏ లోపమూ కనబడలేదు.

మెదక్ దాటి గుడి వైపు తిరిగాక అసలు కథ మొదలైంది. నేలకూ కారు కడుపుకూ మధ్య జానెడులో సగం. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ఆగడం, బటన్ నొక్కడం, ముక్కు నాలుగు వేళ్లు పైకి లేవడం, ఏటవాలుగా ఒక్కో చక్రం ఎక్కించడం. వెనక ఆటోవాళ్ల హారన్లు. ఒకచోట మాత్రం ఊరివాళ్లు సొంతంగా పోసుకున్న సిమెంటు దిబ్బ ఉంది. బటన్ నొక్కినా సరిపోలేదు. కర్ర్ర్‌మని చప్పుడు. అన్న ముఖం తెల్లబోయింది. బంపర్ కింది అంచు దిబ్బ మీద కూర్చుంది. ముందుకూ పోదు, వెనక్కూ రాదు.

చుట్టూ జనం. అందరి చేతుల్లో ఫోన్లు. నాకు తోచిందొక్కటే. బాపుకు ఫోన్ చేశా.

అరగంటలో టీవీఎస్ మీద వచ్చాడు. వెనక రెండు చెక్క పలకలు, ఒక జాకీ కట్టుకుని. కారు చుట్టూ ఒక్క రౌండు తిరిగాడు. వంగి కిందికి చూశాడు. "ఏం సోకుంది రా! గని గింత కిందికుంటే ఎట్ల పోతది? గీడ దున్నుతదా ఏంది?" అన్నాడు. అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వాడు పాపం.

జాకీతో లేపి, చక్రాల కింద పలకలు పెట్టి, పది నిమిషాల్లో కారును అవతలికి దింపాడు బాపు. చేతులు తుడుచుకుంటూ, "ఇంజిన్ ఒకసారి ఇనిపియ్యి సారూ" అని అడిగాడు. అన్న స్టార్ట్ చేశాడు. బాపు కళ్లు మూసుకుని విన్నాడు. నేను నా జీవితంలో ఆయన్ను అలా చూడలేదు. కాసేపయ్యాక "మస్తుంది" అన్నాడు. అంతే.

గుడి దగ్గర పూజ అయింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. మంజీరా ఒడ్డున బండ మీద కూర్చున్నప్పుడు బాపుకు ఒక సంగతి చెప్పాను. లంబోర్ఘిని కంపెనీ పెట్టిన ఫెరూచ్చో లంబోర్ఘిని రైతుబిడ్డ. యుద్ధం అయిపోయాక మిగిలిపోయిన మిలిటరీ సామాన్లతో ట్రాక్టర్లు చేసి పైకొచ్చాడు. 1948లో ట్రాక్టర్ కంపెనీ, 1963లో కార్ల కంపెనీ. తన ఫెరారీలో క్లచ్ బాగాలేదని వెళ్లి చెబితే, "ట్రాక్టర్లు చేసుకునేవాడివి, నీకేం తెలుసు" అన్నట్టు ఎంజో ఫెరారీ మాట్లాడాడని, ఆ కోపంతోనే సొంత కార్లు మొదలుపెట్టాడని చెప్పుకుంటారు.

బాపు ముఖం వెలిగిపోయింది. "ట్రాక్టరోడా! అట్ల చెప్పు మరి."

అప్పుడు ఇంకోటి కూడా చెప్పా. 1984లో వచ్చిన ఫెరారీ టెస్టరోసాకు టైమింగ్ బెల్ట్ మార్చాలంటే ఇంజిన్ మొత్తం కిందికి దింపాల్సిందేనని. ఆశ్చర్యపోతాడనుకున్నా. "అయితే ఏంది? ట్రాక్టర్‌కు క్లచ్ ప్లేటు ఎయ్యాలన్నా నడుమకు రెండు ముక్కలు జెయ్యాలె గదా" అన్నాడు తేలిగ్గా.

ఆ మాటతో నాకొకటి అర్థమైంది. ఈ కార్లలో అందం వేరే, లోపం వేరే కాదు. రెండూ ఒకే చోట పుట్టాయి. ముక్కు అంత కిందికి ఉంది కాబట్టే ఆ సోకు. కాబట్టే దిబ్బ ఎక్కదు. ఇంజిన్ వీపు వెనకే ఉంది కాబట్టే ఆ పాట. కాబట్టే లోపల ఆ వేడి. 1987 నాటి ఫెరారీ ఎఫ్40లో బరువు తగ్గించాలని కార్పెట్ తీసేశారు, రేడియో పెట్టలేదు, లోపల్నుంచి తలుపు తీయడానికి హ్యాండిల్ బదులు ఒక తాడు పెట్టారు. వేరే కారులో అయితే దాన్ని పిసినారితనం అంటాం. అందులో మాత్రం అదే దాని గొప్ప.

కొత్తవాటి సంగతి వేరు. 1998లో లంబోర్ఘిని జర్మనీకి చెందిన ఆడి చేతికి వెళ్లింది. అప్పట్నుంచి ఆ కార్లు రోజూ స్టార్ట్ అవుతున్నాయి, ఏసీ చల్లగా వస్తోంది. ఎస్‌యూవీ కూడా వచ్చింది. 2021లో జూనియర్ ఎన్టీఆర్ కొన్న ఉరుస్ అదే. బాపుకు ఫోన్‌లో ఫొటో చూపిస్తే "గిది మన తొవ్వ ఎక్కుతది" అని సర్టిఫికెట్ ఇచ్చేశాడు. కానీ గోడ మీద ఉరుస్ పోస్టర్ అతికించుకున్న పిల్లాడిని నేనింకా చూడలేదు.

అలాగని కొత్తవాటిలో లోపాల్లేవా అంటే, ఉన్నాయి. ఈమధ్య ఫెరారీ స్టీరింగ్ మీద నొక్కే బటన్లు తీసేసి, తాకితే పనిచేసేవి పెట్టింది. కొన్నవాళ్లే విసుక్కున్నారు. 2025లో మళ్లీ నొక్కే బటన్లు తెచ్చింది. 2010లో అయితే 458 ఇటాలియా కార్లు కొన్ని మంటల్లో కాలిపోయాయి. చక్రాల పైభాగంలో వాడిన జిగురు వేడికి అంటుకుంటోందని తేలింది. కంపెనీ వెయ్యికి పైగా కార్లను వెనక్కి పిలిచి, జిగురు తీసేసి మరలు బిగించింది. కోట్ల కారు, జిగురు తప్పు! కానీ దాచలేదు. పిలిచి చెప్పారు, సరిచేశారు.

ఈ 'దాచడం' అన్న మాట దగ్గరే నా కథ అడ్డం తిరిగింది.

తిరుగు ప్రయాణంలో అన్న మెల్లగా అన్నాడు. "తమ్మీ, కింద గీత బాగా పడ్డది. నువ్వు పెయింట్ టచప్ చేసి పైన ఫిల్మ్ వేసేయ్. కొనేటోనికి చెప్పాల్సిన పన్లేదు. బిల్లులో ఉత్త వాషింగ్ అని రాయ్."

నాకది చేతకాని పని కాదు. అది నా వృత్తే. మర్నాడు షాపులో కారును లిఫ్ట్ మీద పైకెత్తి చూస్తే, గీత ఒక్కటే కాదు, కింది అంచులో సన్నటి పగులు కూడా ఉంది. ఇవాళ ఏమీ కాదు. ఎప్పుడో నూటయాభై స్పీడులో ఊడి వేలాడితే?

అప్పుడు బాపు షెడ్డు గుర్తొచ్చింది. రిపేరుకు వచ్చిన ప్రతి ట్రాక్టర్ మడ్‌గార్డ్ మీదా బాపు చాక్‌పీసుతో రాస్తాడు. 'బ్రేకు అరిగింది', 'ఆయిల్ లీకు', 'గేరు 2 జారుతుంది'. డబ్బుల్లేక రైతు ఏ పని వద్దన్నాడో అది కూడా చెరపకుండా పంపిస్తాడు. చిన్నప్పుడు అడిగా, ఎందుకు బాపూ అని. "ఎక్కేటోనికి ఎరికుండాలె గదరా" అన్నాడు.

పగులు అతికించాను. పెయింట్ చేశాను. ఫిల్మ్ వేశాను, చూసినవాడు వేలు పెట్టి చూపించలేనంత నీటుగా. బిల్లులో మాత్రం 'ముందు బంపర్ కింద పగులు, అతికించబడింది' అని రాశాను. అన్న చదివి ఏమీ అనలేదు. డబ్బులు కట్టి వెళ్లిపోయాడు. మళ్లీ మా షాపుకు రాలేదు. మంచి కస్టమర్ పోయాడని మేనేజర్ నాతో వారం రోజులు సరిగా మాట్లాడలేదు. ఆ బిల్లు కొన్నవాడికి చేరిందో లేదో నాకు తెలియదు.

ఆ ఆదివారం ఫోన్‌లో బాపుకు చెప్పాను. నేను కాస్త మెచ్చుకోలు కోసమే చెప్పానని ఒప్పుకుంటా. అవతల కాసేపు చప్పుడు లేదు. వెనక ఎవరిదో ట్రాక్టర్ ఇంజిన్ ఆగి ఆగి కొట్టుకుంటోంది.

"పగులు దేంతోని అతికించినవ్?" అన్నాడు బాపు.

నా ఉద్యోగం గురించి మూడేళ్లలో ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది. ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నాం.