చెమ్మ లెక్క

మా వాడిపట్టి ఇంట్లో, మధ్యగదిలో, తాతగారి ట్రంకుపెట్టె ఒకటి ఉంది. అందులో ఆయన తెలుగులో రాసుకున్న లెక్కల పుస్తకాలు నాలుగు. లెక్కలంటే వడ్లు, ఎరువు, కూలి మాత్రమే కాదు. ఇంట్లో ఎవరు ఏనాడు పుట్టారో, ఏ పెళ్ళికి ఎవరు ఎంత చదివించారో, అన్నీ అందులోనే. మదురై నాయకుల కాలంలో దక్షిణానికి వచ్చిన కుటుంబాల్లో మాదీ ఒకటని పెద్దలు చెప్పుకునేవారు. అయితే తెలుగు అక్షరాల్లో మా ఇంట మిగిలింది ఈ నాలుగు పుస్తకాలే. నేను బడిలో చదివింది తమిళం, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు నేర్పింది మా అవ్వ.

పోయిన ఏడాది ఐప్పసి వానల్లో ఏదో పనిమీద పెట్టె తెరిస్తే ముక్కిన వాసన గుప్పుమంది. అడుగు పుస్తకం అట్ట నిండా నల్లటి బూజు. కాగితాలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీయబోతే పదకొండు పేజీలు చేతిలోనే చిరుగులై రాలాయి. పక్కన నిలబడి చూస్తున్న మా అమ్మ మెల్లగా, "మీ చిన్నత్త పుట్టిన దినం అందులోనే రాసుండెగదరా" అంది. చిన్నత్త ఏడేళ్ళకే పోయింది. ఆమెకు ఫొటో కూడా లేదు.

ముప్పై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ దస్తావేజులు స్ట్రాంగ్ రూములో భద్రపరిచే ఉద్యోగం నాది. సొంత ఇంటి కాగితం ఇలా పోగొట్టుకున్నానే అని రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. వారం తిరక్కముందే మదురై వెళ్ళి డీహ్యూమిడిఫైయర్, అంటే గాలిలో చెమ్మ తీసే యంత్రం, కొనుక్కొచ్చాను.

నేను కామర్సు చదివినవాణ్ణి, యంత్రాల సంగతి నాకు నెమ్మదిగా అర్థమవుతుంది. అర్థమైనంత చెబుతాను. చల్లటి నీళ్ళు పోసిన చెంబు బయటివైపు చెమర్చడం మీరందరూ చూసే ఉంటారు. ఆ నీళ్ళు చెంబులోవి కావు, గాలిలోవి. గాలి చల్లబడితే అంత ఆవిరిని మోయలేక దించేస్తుంది. యంత్రం చేసేదీ ఇంతే. లోపల ఫ్రిజ్‌లో ఉన్నట్టే కంప్రెసరు, రెండు గొట్టపు చుట్టలు ఉంటాయి. ఫ్యాను గది గాలిని లాగి ముందు చల్లటి చుట్ట మీదుగా పంపుతుంది. ఆవిరి బొట్లుగా మారి కింద తొట్టిలో పడుతుంది. ఆరిన గాలి తరువాత వేడి చుట్టను తాకి మళ్ళీ గదిలోకే వస్తుంది.

ఈ విద్య మొదట అక్కరకు వచ్చింది కూడా కాగితానికేనట. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చుకూటంలో చెమ్మకు కాగితం సాగి, రంగు మీద రంగు సరిగా పడేది కాదు. విల్లిస్ కారియర్ అనే యువ ఇంజనీరు గాలిని చల్లబరిచి చెమ్మ తగ్గించే ఏర్పాటు రూపొందించాడు. ఈనాటి ఏసీలకు అది మూలపురుషుడు.

ఇక నా లెక్కకు వస్తాను. 28 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి ఎక్కువలో ఎక్కువ 27 గ్రాముల ఆవిరిని మోయగలదు. తేమ 85 శాతం అంటే 23 గ్రాములు ఉన్నట్టు. మా గది పొడవు, వెడల్పు పన్నెండేసి అడుగులు, ఎత్తు పది. సుమారు 41 ఘనమీటర్లు. అంటే కంటికి కనబడకుండా గది గాలిలో దాదాపు ఒక లీటరు నీళ్ళు! తేమను 55 శాతానికి దించాలంటే అందులో మూడోవంతు తీస్తే చాలు. కాని మొదటి రాత్రే తొట్టిలో రెండు లీటర్లు పైగా చేరింది. మిగతాది గోడలు, పరుపులు, బీరువాలో బట్టలు పీల్చి దాచుకున్న పాత బాకీ.

రోజూ తొట్టి నిండుతుంటే డిపాజిట్లు పెరుగుతున్నట్టు మురిసిపోయాను. పది రోజులైనా తేమ కొలిచే మీటరు మాత్రం 78 దగ్గర కదలడం లేదు. చివరికి తెలిసింది, మా అమ్మ పొద్దున్నే కిటికీ తెరిచిపెడుతోంది. "ఇల్లు మూసిపెడితే గాలెట్లాడుతుందిరా?" అంది. ఆమె తప్పేమీ లేదు, నేను చెప్పలేదు. అన్నాళ్ళూ నేను వాడిపట్టి ఆకాశాన్ని ఆరబెడుతున్నానన్నమాట! జమ చూసుకుని ఖర్చు చూడకపోతే ఖాతా ఏమవుతుందో నాకు ఇంకొకరు చెప్పాలా? పెట్టె వెనక గోడలో మిద్దె నీటిగొట్టం కారుతున్న సంగతి కూడా అప్పుడే కనిపెట్టాను. గొట్టం బాగుచేయించి, పెట్టెను గోడకు జానెడు దూరంగా ఇటుకల మీదికి ఎత్తించి, తలుపులు మూసి నడిపితే నాలుగు రోజుల్లో మీటరు 56కి దిగింది.

కొనేవారు మరికొన్ని సంగతులు గమనించాలి. ఈ యంత్రం గదిని చల్లబరచదు. ఇంకా కాస్త వేడెక్కిస్తుంది. లీటరు ఆవిరి నీరైనప్పుడు సుమారు మూడింట రెండు వంతుల యూనిట్ వేడి వెలువడుతుంది. అదీ, కంప్రెసరు తిన్న కరెంటూ గదిలోనే మిగులుతాయి. ఏసీ ఆ వేడిని బయటికి తోస్తుంది. అయితే వానాకాలం గది చల్లగానే ఉంటుంది కనుక ఏసీ కంప్రెసరు త్వరగా ఆగిపోతుంది, చెమ్మ అలాగే ఉంటుంది. ఈ యంత్రం పనికొచ్చేది అప్పుడే. మాది 300 వాట్లు. పది గంటలకు మూడు యూనిట్లు. డబ్బా మీద రాసే లీటర్ల లెక్క తరచుగా 30 డిగ్రీలు, 80 శాతం తేమ దగ్గర కట్టింది; గది ఆరేకొద్దీ అంత రాదు. తేమ 50-60 మధ్య ఉంటే చాలు. 70 దాటి చాలాకాలం నిలిస్తే బూజు పడుతుంది. తొట్టి నీళ్ళు తాగరాదు. మేము కరివేపాకు చెట్టుకు పోస్తున్నాం.

ఇదంతా అయ్యాక అమ్మ ఒక మాట అంది. అవ్వ ఉన్నన్నాళ్ళూ, వానలు దిగకముందే, నవరాత్రులకు పెట్టెలో పుస్తకాలన్నీ తీసి, దులిపి, నీడన ఆరబెట్టి, ఎండు వేపాకు వేసి, సరస్వతీపూజ రోజున మళ్ళీ సర్దేదట. అవ్వ పోయాక మేము పెట్టెకు బొట్టు పెట్టాం గాని తెరవలేదు. యంత్రం లేక కాదు, ఆ పేజీలు పోయింది అందుకే.

ఇప్పుడు మా అమ్మాయి సెలవులకు వచ్చినప్పుడల్లా మిగిలిన పేజీలకు ఫొటోలు తీస్తోంది. నేను చదువుతాను, తను తమిళ లిపిలో రాసుకుంటుంది. తెలుగు అక్షరాలు తనకు నేర్పలేదు. ఆ బాకీ నాది. ఇప్పుడు వారానికి నాలుగేసి అక్షరాలు మొదలుపెట్టాం. చిన్నత్త పుట్టినరోజు మాత్రం ఇక దొరకదు. అవ్వ చెప్పగా అమ్మకు గుర్తున్నది ఇంతే: ఆ రోజు వాన, కాలువ నిండా నీళ్ళు. కొత్త నోటుపుస్తకంలో మొదటి పేజీ మీద చిన్నత్త పేరు, దాని కింద ఆ మాటే రాశాను.

మీ ఇంట్లోనూ అలాంటి పెట్టె ఉంటే, యంత్రం సంగతి తరువాత, ఈ వానలు రాకముందే ఒక్కసారి తెరిచి చూడండి.