బొటనవేలు 30 శాతం

ఉదయగిరిలో బస్సు దిగగానే ఆటోవాళ్లు అడిగారు, దుర్గానికా అని. కృష్ణదేవరాయలు 1514లో గజపతుల దగ్గర్నుంచి గెలుచుకున్న కొండ అది. ఈ ఊరికి కొత్తవాళ్లు ఎవరొచ్చినా దానికోసమే అనుకుంటారు. నేను వచ్చింది చెక్క గరిటెల కోసం. ఆ గరిటెలు చేసే చేతుల్ని చూడ్డానికని చెబితే ఇంకా నిజం.

వైకల్యం మీద మన కోర్టుల తీర్పులు చదువుతుంటే మాటిమాటికీ ఒక వడ్రంగి ఎదురవుతాడు. చెయ్యి పోవడం అంటే ఏమిటో చెప్పాల్సి వచ్చినప్పుడల్లా సుప్రీంకోర్టుకు ఆయనే గుర్తొస్తాడేమో. పుస్తకంలో వడ్రంగిని ఎన్నిసార్లు చదివినా లాభం లేదు, పక్కన కూర్చుని చూద్దామనిపించింది.

దిలావర్ భాయ్ వీధిలో గరిటెల పని ఇంటి పనే. వసారాలో ఇద్దరు ఆడవాళ్లు ఉప్పు కాగితంతో చెంచాలు రుద్దుతున్నారు. లోపల యాభై దాటిన ఆయన నర్ది చెక్క ముక్కని బాడిసతో చెక్కి, గరిటె ఆకారం రాగానే ఉలి అందుకున్నాడు. చాలాసేపు ఆయన ఎడమచేతినే చూశాను. గరిటె గుంటలో బొటనవేలు ఆనించి, కుడిచేత్తో ఉలిని ఆ వేలి వైపే తోస్తున్నాడు. కళ్లు మాత్రం నామీదే ఉన్నాయి, మాట్లాడుతున్నాడు కదా.

"చూడకుండా ఎట్టా భాయ్?"

"మందం కంటికి తెలీదు సార్. దీనికి తెలుస్తది," అని బొటనవేలు ఎత్తి చూపించాడు. "ఇది భయపడి వెనక్కి పోయిందా, చెక్క చీలిపోతది."

పక్కనున్న చూపుడువేలికి కొస కణుపు లేదు. ఎప్పుడో రంపం కింద పోయిందట. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం వెనకాల ఒక పట్టీ ఉండేది. పేపర్లో బంగారం ధరలు వేసినట్టు అందులో ఒంటి భాగాలకు శాతాలు వేశారు. బొటనవేలు పోతే 30. చూపుడువేలు మొత్తం పోతే 14, ఒక్క కణుపైతే 9. నడిమివేలు 12. ఉంగరపు వేలైనా చిటికెన వేలైనా 7. ఒక కన్ను 40. నాకు గుర్తున్నంతలో ఆయనకు చెప్పాను, నీది తొమ్మిది శాతం భాయ్ అని.

ఆయన పడీపడీ నవ్వాడు. "తొమ్మిదా! ఎవరిస్తారు సార్? రంపం నాది, చెక్క నాది, వేలు నాది."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఒక చెంచా, ఒక గరిటె కొనుక్కుని బయటపడ్డాను.

తీర్పుల్లోని వడ్రంగికి మాత్రం ఇచ్చేవాడు ఉన్నాడు. ఒరిస్సా కోరాపుట్ జిల్లా జయపురంలో, అంటే మన విశాఖ మన్యానికి ఆవలి అంచున, ఒక సినిమా హాల్లో అలంకారపు పని చేస్తూ 1968 జూలై 6న ఒక వడ్రంగి కిందపడ్డాడు. ఎడమచెయ్యి మోచేతి పైకి తీసేయాల్సి వచ్చింది. యజమాని ఆ పట్టీనే పట్టుకున్నాడు: ఇంతవరకు తెగిన చేతికి 70 శాతమని రాసుంది కదా, అది పాక్షిక వైకల్యమే కదా అన్నాడు. వడ్రంగం ఒంటిచేత్తో అయ్యే పని కాదు, ఇది సంపూర్ణ వైకల్యమే అని కమిషనర్ తేల్చాడు. 1975 డిసెంబరు 4న సుప్రీంకోర్టు ఆ మాటే ఖాయం చేసింది. పరిహారం 9,800 రూపాయలు. సకాలంలో కట్టనందుకు దానిమీద జరిమానా, వడ్డీ. మొత్తం చిన్నదే. పట్టీ చేతిని కొలిస్తే కోర్టు పనిని కొలిచింది.

మధ్యాహ్నానికి ఆత్మకూరు చేరాను. కోర్టు దగ్గర నాకు తెలిసిన లాయరు గారు ఉన్నారు. ఆయన గదిలో కుర్చీలకన్నా ఎంవీఓపీ కట్టలే ఎక్కువ. రోడ్డు ప్రమాదాల కేసులవి. ఆసుపత్రి కాగితాలు, ఎక్స్‌రేలు, వైకల్య ధ్రువపత్రం అన్నీ ఒకే తాడుతో కట్టి ఉంటాయి. గుమాస్తా చెప్పులు విప్పి బల్ల కింద పెట్టి, వాయిదాల డైరీ రాసుకుంటున్నాడు.

ఉదయగిరి సంగతి చెబితే లాయరు గారు పెన్సిలు తీశారు. "అనుకోండి, మీ గరిటెలాయన వయసు 38, నెలకు 10,000 సంపాదన. లారీ గుద్ది బొటనవేలు పోయింది. ఏడాదికి 1,20,000. ఆ వయసుకి గుణకం 15. మొత్తం పద్దెనిమిది లక్షలు. భవిష్యత్తులో పెరిగే ఆదాయం కలపడం లేదు, లెక్క తేలిగ్గా ఉండాలని. ఇప్పుడు ఇన్సూరెన్స్ లాయరు లేస్తాడు. డాక్టరు 30 శాతం అన్నాడు కాబట్టి 5,40,000 చాలంటాడు. నేను లేచి ఈయనకు బొటనవేలే పని, వంద శాతం వెయ్యాలంటాను. మధ్యలో పన్నెండు లక్షల అరవై వేలు. కేసంతా ఆ మధ్యలోనే."

ఆ వాదనకు ఆయన ఆధారం 2010 అక్టోబరు 18 నాటి రాజ్‌కుమార్ తీర్పు. డాక్టరు చెప్పే శాతం వేరు, సంపాదన పోయిన శాతం వేరు అని అందులో తేల్చారు. ఎడమచెయ్యి పోతే డాక్టరు లెక్కలో 60 శాతం అవచ్చు. డ్రైవరుకో వడ్రంగికో దాదాపు వంద శాతం నష్టం. గవర్నమెంటు గుమాస్తాకైతే ఉద్యోగమే పోకపోవచ్చు. మళ్లీ వడ్రంగే. "గుమాస్తా అన్నారని మావాడికి కోపం," అన్నారు లాయరు గారు. గుమాస్తా తలెత్తలేదు.

వైకల్యం కోర్టుకు పరిహారం ఫైలుగానే వస్తుందనుకుంటే పొరపాటు, సాక్షిగా కూడా వస్తుంది అన్నారాయన. కర్నూలు జిల్లాలో 2011లో పుట్టు అంధురాలైన ఒక దళిత యువతి మీద అత్యాచారం జరిగింది. చేసినవాణ్ణి ఆమె గొంతును బట్టి గుర్తుపట్టింది. కళ్లులేని సాక్షి గుర్తుపట్టడమేమిటన్న వాదన సుప్రీంకోర్టులో నిలవలేదు. 2021 ఏప్రిల్ 27న జస్టిస్ డి.వై.చంద్రచూడ్, జస్టిస్ ఎం.ఆర్.షా ధర్మాసనం అతని యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది. ఎస్సీ, ఎస్టీ చట్టం కింద పడ్డ శిక్షకు మాత్రం రుజువు చాలలేదని కొట్టేసింది. వైకల్యం ఉన్నంత మాత్రాన సాక్ష్యం తక్కువరకం కాదని, కింది కోర్టుల్లో దుబాసీలు, ప్రత్యేక ఉపాధ్యాయులు అందుబాటులో ఉండాలని, పోలీసులకు, ప్రాసిక్యూటర్లకు, జడ్జీలకు శిక్షణ కావాలని రాసింది. ఉదయం ఉలి వైపు చూడకుండా వేలితో మందం తెలుసుకున్న మనిషి నాకు గుర్తొచ్చాడు. చెవికైనా అంతే కదా.

అప్పుడు అడిగాను. "లారీ లేదు. సొంత రంపం, సొంత ఇల్లు. అప్పుడు?"

"ఎవరి దగ్గర పని చేస్తాడు?"

"ఎవరి దగ్గరా కాదు."

"ఐతే ప్రతివాది లేడు." ఆయన పెన్సిలు కింద పెట్టేశారు. ప్రతివాది లేకపోతే మిగిలేది పింఛను దారి. 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, న్యాయస్థానాలు అందరికీ అందుబాటులో ఉండాలని 12వ సెక్షన్‌లో రాసుకుంది. కానీ చాలా ప్రయోజనాలకు గీత 40 శాతం దగ్గరుంది. ఆ గీత దాటితే మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి నెలకు 6,000. బొటనవేలు ఒక్కటే పోతే ఆ గీత అందదు. అంటే ఒకే వేలు లారీ కింద పోతే పద్దెనిమిది లక్షలదాకా వాదించవచ్చు, ఇంట్లో పోతే సున్నా.

ప్రతివాది లేని వైకల్యం ఈ మెట్టలో ఇంకొకటి ఉంది. పొద్దున ఉదయగిరిలో టీ బంకు దగ్గర ఒక పెద్దాయన కనిపించాడు. ఎవరైనా పిలిస్తే మెడ తిప్పడు, ఒళ్లంతా తిప్పి చూస్తాడు. నడుము వంగి బిగుసుకుపోయింది. "నీళ్లు నాయనా," అన్నాడు, నేను అడక్కముందే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే మొదట పళ్లు గారపడతాయి, మరీ ఎక్కువైతే ఎముకలు పట్టేస్తాయి. దేశంలో ఈ జబ్బును డాక్టర్లు మొదట 1937లో పత్రికకెక్కించింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్ని చూసే. ఇది చెబితే లాయరు గారు, బోరుబావి మీద ఎంవీఓపీ వెయ్యలేం కదండీ అన్నారు. నవ్వుతూ అన్నారు గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

సంచి సర్దుకుంటుంటే గరిటె బల్లమీద పడింది. గుమాస్తా డైరీ మూసి దాన్ని అందుకున్నాడు. గుంటలో బొటనవేలు పెట్టి ఒకసారి చుట్టూ తిప్పాడు.

"భలే నున్నగా ఉంది సార్. ఎంతకిచ్చాడు?"

చెప్పాను.

"అంతేనా," అని ఇంకోసారి తిప్పాడు. లోపల్నుంచి లాయరు గారు రేపటి వాయిదా కట్ట అడిగారు.